రుక్మిణమ్మ వీధిలో పురుగుల పంపకాలు

రాజధానికి దారి

మాది యానాం. మా రాజధాని పుదుచ్చేరి. ఈ రెంటి మధ్యా ఒక రాత్రి రైలు, మద్రాసులో ఒక బస్సు, రెండు పరాయి రాష్ట్రాలు ఉన్నాయంటే బయటివాళ్ళు నమ్మరు. సొంత పెరట్లోకి వెళ్ళడానికి పక్కింటివాళ్ళ వంటగదిలోంచి దూరి పోయినట్టుంటుంది మా వ్యవహారం. అందుకే ఇన్నేళ్ళు సర్కారు జీతం తిన్నా ఆ రాజధాని ముఖం నేను చూడలేదు. సునామీ వచ్చిపోయిన రెండు మూడేళ్ళకు, ఎండలు ముదరక ముందే పిలుపు వచ్చింది. లాస్‌పేటలో ఒక కాలేజీలో మైక్రోబయాలజీ ప్రాక్టికల్ పరీక్షలకు బయటి ఎగ్జామినరుగా రమ్మని.

తెలియనివాళ్ళకు చెప్పాలి. బయటి ఎగ్జామినరంటే కొత్త అల్లుడితో సమానం. ఎవరికీ అతనంటే ప్రేమ ఉండదు, కానీ మర్యాదలకు మాత్రం లోటు రానివ్వరు. అడక్కుండానే కాఫీ వస్తుంది. జోకు వేస్తే అర్థం కాకపోయినా నవ్వుతారు. ఆడదాన్నయినా ఆ నాలుగు రోజులూ అల్లుడి వైభోగం అనుభవిద్దామని పెట్టె సర్దుకున్నాను.

మద్రాసు నుంచి సముద్రం పక్క దారిన పోయే బస్సులో నా పక్క సీటు పెద్దమనిషి సైకిలు సామాన్ల వ్యాపారి. మద్రాసు తెలుగు. ఎక్కిన దగ్గర్నుంచి తుమ్ముతూనే ఉన్నాడు. ఉప్పు కొటారులు దాటగానే చొక్కా జేబులోంచి నలిగిపోయిన మాత్రల పట్టీ తీసి, ఒక ఎర్రపచ్చ గొట్టం మాత్ర సోడాతో మింగాడు. కిటికీ దుమ్ముకు నేనూ ఒక తుమ్ము తుమ్మాను. అంతే, పట్టీలో ఇంకొకటి చించి నా చేతిలో పెట్టబోయాడు.

"వేసుకోండమ్మా. రొంపకు బాగా పనిచేస్తాది. మా బావమరిది వాడగా మిగిలినాయి."

"జలుబు చేసేది వైరస్సండీ. ఇది బ్యాక్టీరియా మందు. దీన్ని చూసి జలుబు భయపడదు" అన్నాను.

"మీరు టీచరా?"

"అవునండీ."

"అదే అనుకొన్నా" అని ఎంతో జాలిగా చూసి, నా వంతు మాత్ర కూడా తనే మింగేశాడు. నాకు తుమ్ము తగ్గింది. అతనికి తగ్గలేదు. దిగేటప్పుడు ఆ సంగతి గుర్తు చేద్దామనుకున్నాను కానీ పెద్దవాడని ఊరుకున్నాను.

బస్టాండులో మొదట కనబడింది ఎర్రటోపీ పోలీసు. మా యానాంలోనూ అదే టోపీ. భాష సగం సగమే వచ్చే ఊళ్ళో పుట్టింటి మనిషి ఎదురొచ్చినట్టు పలకరింపుగా నవ్వాను. ఆయన అనుమానంగా నా పెట్టె వైపు చూశాడు.

కదిర్కామంలో విడిది

కాలేజీ గెస్టుహౌసులో నీళ్ళ పైపు పగిలిందట. లోపలి ఎగ్జామినరు పి. వసంత నన్ను కదిర్కామంలో వాళ్ళింటికే తీసుకుపోయింది. వసంత వాళ్ళది ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. ఒకప్పుడు పొలాలు, ఇప్పుడు ఉద్యోగాలు, అద్దె ఇళ్ళు. ఆ ఇంట్లో తెలుగు నోటికే కానీ కంటికి లేదు. గోడమీద క్యాలెండరు తమిళం, బ్యాంకు పుస్తకం ఇంగ్లీషు, తిట్లు మాత్రం అచ్చ తెలుగు.

ఇంటికి యజమాని వసంత మామగారని గుమ్మం మీద పేరు చెబుతుంది. ఆ పేరును నమ్మకూడదు. యజమాని ఆవిడే, వసంత అత్తగారు రుక్మిణమ్మ. డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి. పసుపు ముఖం, గట్టి గొంతు, నడుముకు గంటలాగా మోగే తాళాల గుత్తి.

"వొచ్చినావా అమ్మణ్ణీ. యానామా మీది? ఆడ గూడా మన సర్కారే గదా. కూసో. మాటలు అప్పురం, ముందు తిను."

"మీకెందుకండీ శ్రమ, పిన్నిగారూ..."

"గారేంది గారు? నేనేమన్నా కలెక్టరునా? అత్తా అను, చాలు."

గోదావరి మనిషిని. 'గారు' తీసేయమంటే ఒంటిమీద గుడ్డ తీసేయమన్నట్టుంటుంది. 'అత్తగారూ' దగ్గర రాజీ పడ్డాను.

భోజనంలో పుల్లటి వంకాయ కొళంబు, వంజరం చేప వేపుడు, కొబ్బరి వేసిన బీన్స్ పొరియల్. కొళంబంటే మా పులుసు లాంటిదే కానీ బెల్లం ముక్క పడదు. చేప బాగుంది. చాలా బాగుందని ఒప్పుకుంటే మా పులసకు ద్రోహం చేసినట్టవుతుందని 'పర్వాలేదండీ' అన్నాను. మూడో ముక్క వేయించుకుంటూ అన్నానేమో, ఎవరూ నమ్మలేదు. ఆవకాయ లేని ఇల్లని గమనించి, నేను తెచ్చిన సీసా తీశాను. రుక్మిణమ్మ వేలి కొసతో ముట్టుకుని నాలుకకు రాసుకుని, "ఇది ఊరుగాయా, కోపమా?" అంది.

చేతులు కడుక్కుంటుండగా పక్కింటావిడ వచ్చింది. "రుక్కక్కా, మా పిల్లోడికి గొంతు నొప్పి." రుక్మిణమ్మ ఫ్రిజ్జు మీంచి ఒక పాత బిస్కెట్ల డబ్బా దింపింది. మూత తీసేసరికి నా కళ్ళు తిరిగాయి. డబ్బా నిండా మాత్రలు. సగం వాడిన పట్టీలు, కత్తెరతో ఒక్కొక్కటిగా కోసినవి, పేరు చిరిగిపోయినవి. ఎర్రపచ్చ గొట్టాలు ఒక పక్క, తెల్లవి ఒక పక్క, పొడుగువి ఒక పక్క, పచ్చ గుండ్రాలు ఒక పక్క. అన్నీ యాంటిబయాటిక్కులే. తలనొప్పి బిళ్ళ ఒక్కటీ లేదు, అవి మిగలవు కదా.

"ఎర్రపచ్చది గొంతుకి. తెల్లది కడుపుకి. పొడుగుది పుండుకి" అని నాకు పాఠం చెప్పింది రుక్మిణమ్మ. "వీధిలో ఎవురికి మిగిలినా ఈడ వేస్తారు. ఎవురికి కావాలన్నా ఈడికే వొస్తారు. పారేస్తే పాపం గదా. నొప్పి తగ్గినాక గూడా మింగేది ఏంది, కొవ్వా? నిలిపేస్తే ఇంకొకరికి ఉపకారం."

మా ఊళ్ళో పెరుగు తోడు ఇస్తారు, కరివేపాకు ఇస్తారు, ఒకరింటి గిన్నె ఇంకొకరింట్లో ముసలిదై పోతుంది. మాత్రలకు ఇంత పద్ధతిగా ఉమ్మడి ఖజానా పెట్టుకున్న వీధిని మాత్రం మొదటిసారి చూశాను. వసంత వైపు చూశాను. వసంత గోడమీద బల్లి వైపు చూసింది. మాత్రలు సగంలో ఆపకూడదనీ, డాక్టరు చెప్పకుండా వాడకూడదనీ ఏళ్ళ తరబడి కాలేజీలో పాఠం చెబుతున్న మనిషి. ఆమె అధికారం ల్యాబు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

పక్కింటావిడ వెళ్ళాక రుక్మిణమ్మ లేచి నడిచింది. కుంటుతోంది. కుడి కాలికి పసుపు మరకల గుడ్డ కట్టు. వంటింట్లో వసంత గొంతు తగ్గించి చెప్పింది.

"మాసిమగం పండగ నాడు ఊరి సాములకి సముద్ర స్నానం గదా, అత్త గూడా నీళ్ళలో దిగినారు మేడమ్. గవ్వ కోసింది. మెట్టె వేలు. షుగర్ ఉండాది, మానలేదు. రెండు నాళ్ళు పొడుగుది వేసుకొంటారు, వాపు దిగితే ఆపేస్తారు. మళ్ళా వస్తే ఎర్రపచ్చది. డాక్టరు దగ్గరికంటే రారు. వేలు తీసేస్తారని భయం. మామ ఉండగా మెట్టె ఉండే వేలు పోగూడదంట."

అప్పటిదాకా నవ్వుకుంటున్న నాకు నవ్వు ఆగింది. షుగరున్న మనిషికి కాలి పుండు ముదిరితే వేలుతో పోదు. అది ఇద్దరు మైక్రోబయాలజీ టీచర్లకు తెలుసు. తెలిసీ చేపముళ్ళు ఏరుతూ నిలబడ్డాం.

లాస్‌పేట పరీక్ష గది

మర్నాడు టెంపోలో లాస్‌పేటకు వెళ్ళాం. టెంపో అంటే ఇక్కడ మూడు చక్రాల బండి. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుంది. నా ఒళ్ళో ఎవరిదో మల్లెపూల బుట్ట, నా మోకాలు ఎవరిదో గ్యాసు సిలిండరు మీద. అల్లుడి వైభోగం గేటు దాటాకే మొదలైంది.

ఆ ఏడు పరీక్షలో ఇచ్చిన ప్రయోగం నాకు ఇష్టమైనది. రెండు రకాల బ్యాక్టీరియాలు తీసుకుంటాం. ఒకటి 'అ' అనే మందుకు చావదు, 'ఆ' అనే మందుకు చస్తుంది. రెండోది సరిగ్గా తిరగబడి. రెంటినీ ఒక గొట్టంలో కలిపి, కుదపకుండా కాసేపు వదిలేస్తాం. తర్వాత రెండు మందులూ కలిపిన పళ్ళెం మీద పోస్తాం. న్యాయంగా అయితే ఏదీ బతకకూడదు. మర్నాడు చూస్తే తెల్లటి చుక్కలు నిగనిగలాడుతూ ఉంటాయి. గొట్టంలో పక్కపక్కన ఉన్నప్పుడు ఒకటి సన్నని గొట్టంలాంటి చెయ్యి చాచి రెండోదాన్ని దగ్గరికి లాక్కుని, తన దగ్గరున్న జన్యువుల గుత్తికి నకలు తీసి దానికి ఇచ్చేసింది. ఇచ్చినదానికి ఏమీ తగ్గలేదు. విద్య పంచితే తరగదని మనం పిల్లలకు చెబుతాం. అవి చెప్పకుండానే చేస్తాయి.

మొదటి బ్యాచిలో ఆర్. కలైవాణి అనే అమ్మాయిని అడిగాను. వాళ్ళు ఇంగ్లీషులో చెప్పారు, నేను మన మాటల్లో రాస్తున్నాను.

"తల్లి నుంచి పిల్లకు జన్యువులు రావడం తెలుసు. ఈ అడ్డదారి ఏమిటి?"

ఆ పిల్ల తడుముకోకుండా, "మేడమ్, తల్లి నుంచి పిల్లకు రావడమంటే మా సీనియర్లు మాకు నోట్సు ఇవ్వడం. ఏడాది పడుతుంది. అడ్డదారి అంటే మా హాస్టల్లో జిరాక్సు. ఒకరు రాస్తే చాలు, మర్నాటికి అంతస్తంతా చేరుతుంది. వేరే డిపార్టుమెంటు వాళ్ళకు కూడా" అంది.

నాకు తెగ నచ్చింది. మార్కులు నిండుగా వేశాను. తర్వాత రికార్డులు తిప్పుతుంటే తెలిసింది ఆ మాట ఎంత నిజమో. సగం మంది పుస్తకాల్లో ఆ 'చెయ్యి' బొమ్మకు చివర పందితోకలా ఒక వంకర ఉంది. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని తోక. ఎవరో ఒకరు పెన్ను జారి గీసినది, జిరాక్సుల మీద ప్రయాణం చేసి అందరి రికార్డుల్లోనూ స్థిరపడింది. తప్పు కూడా ఒప్పంత శ్రద్ధగా నకలవుతుంది. వసంతకు చూపించి ఇద్దరం పళ్ళెం చాటున నవ్వుకున్నాం. అందరినీ పాసు చేశాను.

ఆ సాయంత్రం ల్యాబు సర్దుతుంటే వసంత ఒక చిన్న సీసా చూపించింది. పొద్దున అత్తగారి కట్టు మారుస్తూ దూది పుల్లతో పుండు రసి తీసి తెచ్చిందట.

"ఇది తప్పు కదా?" అన్నాను.

"తప్పే మేడమ్. అత్త నా మాట వినరు, కంటితో చూస్తే వింటారేమో."

నాకు వయసొచ్చిందే కానీ బుద్ధి రాలేదు. తలుపు గడియ పెట్టాను. ఇద్దరం దొంగల్లా ఒక పళ్ళెం మీద ఆ రసి పూసి, పైన రకరకాల మందులు పీల్చిన చిన్న కాగితం బిళ్ళలు చుట్టూ పేర్చి, వెచ్చని అలమరలో పెట్టి వచ్చాం. మందుకు లొంగే పురుగైతే మర్నాటికి దాని బిళ్ళ చుట్టూ శుభ్రంగా ఖాళీ వలయం ఏర్పడుతుంది. లొంగకపోతే బిళ్ళ అంచు దాకా పెరుగుతుంది.

పళ్ళెం ఇంటికొచ్చింది

మర్నాడు విద్యార్థుల పళ్ళేలన్నీ సవ్యంగా వచ్చాయి. మా పళ్ళెం ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కుని చూశాం. అంచుకు టేపు చుట్టి, సంచిలో పెట్టి, కదిర్కామం తీసుకుపోయాం.

రుక్మిణమ్మకు ఆ రోజు ఒళ్ళు వెచ్చగా ఉంది. పాదం ఎర్రగా, నున్నగా ఉబ్బింది. మెట్టె కండలోకి దిగబడింది. అయినా వరండాలో కూర్చుని వీధిలో పోయే అందరికీ సలహాలు ఇస్తోంది. పళ్ళెం తెరవకుండా ఆమె చేతికిచ్చాను.

"ఏంది ఇది? ఆపం దోసెనా?"

"మీ కాల్లోదే అత్తగారూ. ఈ మబ్బంతా పురుగులు. ఈ బిళ్ళలు మందులు. చూడండి, ఏ బిళ్ళ పక్కన మబ్బు తొలగిందో."

ఆమె పళ్ళేన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. మబ్బు అన్ని బిళ్ళలనూ ఒరుసుకుని పెరిగి ఉంది. ఒక్కదాని చుట్టూ మాత్రం చిన్న వలయం.

"పిలవని పెండ్లికి పోయినట్టు కూసోని ఉండాయే నా మాత్రలు" అంది చివరికి. "ఎవురూ లెక్క చెయ్యలా. ఈ వలయం ఉండేది నా డబ్బాలో ఉండాదా?"

"లేదు. అది ఇంజక్షన్. ఆసుపత్రిలోనే ఇస్తారు."

"సరి. పొడుగుది, ఎర్రపచ్చది నేను మింగినా. అవంటే పురుగుకి అలవాటైపోయినాయి అనుకో. ఈ పచ్చ గుండ్రంది నేను నోట్లోనే వేసుకోలా. తినని మందు దానికెట్ల తెలుసు?"

పరీక్షలో ఒక్కరూ అడగని ప్రశ్న ఇదే. ఆమె నడుము వైపు చూపించాను.

"మీ తాళాల గుత్తి లాంటిది ఒకటి దాని దగ్గర ఉంది అత్తగారూ. ఒక్కో తాళంచెవి ఒక్కో మందును తప్పించుకోవడానికి. మందు ఆ చెవిని తయారుచెయ్యదు. లేనివాటిని చంపి, ఉన్నవాటికి చోటు చేస్తుంది, అంతే. సగం మాత్రలు వేసి ఆపితే మొండివే మిగులుతాయి. ఒక పురుగు గుత్తిలో రెండు చెవులు, ఇంకోదాని గుత్తిలో మూడు. అవి కడుపులోనో, మురుగులోనో, చేతుల మీదో పక్కపక్కన చేరితే ఒకదాని గుత్తికి ఒకటి నకలు తీసి ఇచ్చుకుంటాయి. మీరు వాడని మందు ఎవరింట్లోనో వాడి ఉంటారు."

"ఎవురికిస్తాది? కొడుక్కా?"

"కొడుక్కే అక్కర్లేదు. పక్కనున్నది వేరే జాతిదైనా ఇస్తుంది."

"జాతి చూడదా!" రుక్మిణమ్మ ముఖం వెలిగిపోయింది. "మావోళ్ళు పిల్లనియ్యాలంటే మూడు తరాలు అడుగుతారు. పురుగే మేలు."

లోపల్నుంచి మామగారు దగ్గారు. ఆమె ఇంకా పళ్ళెం వైపే చూస్తోంది.

"అంటే మా వీధిలో ఒక్కో ఇంటోళ్ళం ఒక్కో చెవి పెంచినాం. అన్నీ గూడి ఒకే గుత్తి అయి నా కాలికి వొచ్చినాయి."

"కొంచెం అటూ ఇటూగా అంతేనండీ."

"డబ్బా మూసెయ్యమంటావు."

నేను తలూపాను.

"మూసేస్తే ఈ గుమ్మం ఎవురు తొక్కుతారు అమ్మణ్ణీ? నాకు పొలం పాయె. కొడుకు ఆఫీసుకి పోతాడు, కోడలు కాలేజీకి పోతాది. తెల్లారి లేస్తే 'రుక్కక్కా' అని పిలిచేది ఆ డబ్బా కోసమే గదా."

నాకు ఆవిడంటే అప్పటికే ఇష్టం కలిగింది, ఆ ఇష్టం వల్ల భయం కూడా కలిగింది. చివరికి వసంత అత్తగారి పక్కన నేలమీద కూర్చుని, "అత్తా, ఆసుపత్రికి పోదాం. నేనుంటా. పరీక్షలు అయినంక లీవు పెడతా" అంది. ఎప్పుడూ బల్లి వైపు చూసే మనిషి ఆవిడ కళ్ళలోకి చూసి అంది. రుక్మిణమ్మ లేచింది.

పెద్దాసుపత్రి

ఆసుపత్రిలో డాక్టరు సన్నగా, పొట్టిగా, మా విద్యార్థిలా ఉంది. మా పళ్ళెం గర్వంగా చూపించాం. ఆమె ముఖం మాడిపోయింది.

"పేషెంటు పుండును పిల్లలు పరీక్ష రాసే గదిలో పెంచారా? ఇద్దరూ లెక్చరర్లా?"

ఇద్దరం తల వంచుకున్నాం. అల్లుడి వైభోగం అంతటితో సరి. ఆమె మా పళ్ళేన్ని ముట్టుకోకుండా ఎర్ర సంచిలో వేయించి, తనే మళ్ళీ రసి తీసి పరీక్షకు పంపింది. వాళ్ళ ఫలితం వచ్చేదాకా ఆగకుండా ఇంజక్షను మొదలుపెట్టింది. తర్వాత మెట్టె కత్తిరించాలంది. రుక్మిణమ్మ పాదం వెనక్కి లాక్కుంది.

గుమ్మం దగ్గర నిలబడ్డ మామగారు లోపలికొచ్చారు. "కొయ్యమ్మా. అది కొనిచ్చింది నేనే. నేనే చెప్తావుండా" అన్నారు. ఆయన ఎప్పుడు కొనిచ్చాడో, ఎంతకు కొనిచ్చాడో, అప్పుడు వాళ్ళమ్మ ఏమందో రుక్మిణమ్మ మొదలుపెట్టింది. ఆ తగువు తెగేలోగా మెట్టె తెగింది.

డాక్టరు పెన్నుతో పాదం మీద ఎరుపు ఎంతవరకు ఉందో అంచు గీసింది. "రేపటికి ఎరుపు ఈ అంచు లోపలికి తగ్గితే వేలు ఉంటుంది. దాటితే కొయ్యాలి. ఎంతవరకో అప్పుడు చెబుతాను" అంది, తమిళంలో, దాచకుండా. రుక్మిణమ్మ మా వైపు తిరిగి, "ఈ పిల్ల నాకు నచ్చింది" అంది.

బీచి రోడ్డు

మర్నాడు రెండో బ్యాచి పరీక్ష. పిల్లలు ఏం చెప్పారో నాకు గుర్తులేదు. సాయంత్రం వసంత ఆసుపత్రికి వెళ్ళింది, ఫలితం చూసి ఫోను చేస్తానంది. ఒక్కదాన్నే ఇంట్లో కూర్చోలేక బీచి రోడ్డుకు పోయాను.

పుదుచ్చేరి వెళ్ళినవాళ్ళంతా ఈ రోడ్డు గురించి పొగిడి రాస్తారు కాబట్టి నేను రెండు నిజాలు చెబుతాను. ఒకటి, ఇక్కడ ఇసుక లేదు, రాళ్ళే. మా గోదావరి గట్టు మీద కూర్చోవడానికి మెత్తగా ఉంటుంది. రెండు, ఇక్కడి పొడుగాటి రొట్టె పళ్ళకు పని చెబుతుంది కానీ వేడిగా ఉన్నప్పుడు తింటే మాటాడాలనిపించదు. ఆరు రూపాయలకు ఒకటి కొని, కాగితం చించుకుంటూ రాయి మీద కూర్చున్నాను. సుండల్ అమ్మేవాడు వచ్చి పొట్లం చేతిలో పెట్టాడు. డబ్బులు ఇచ్చి, ఉడికించిన శనగలని చూడకుండానే నోట్లో వేసుకున్నాను. మధ్యలో మిరపకాయ తగిలి కళ్ళ నీళ్ళు తిరిగాయి. అదే సమయానికి ఫోను మోగింది.

"మేడమ్, ఏడుస్తున్నారా?" అంది వసంత.

"మిరపకాయ. చెప్పు."

"ఎరుపు లోపలికి తగ్గింది మేడమ్. వేలు ఉండాది. డాక్టరు ఇంకా పది నాళ్ళ మందు పూర్తిగా వాడాల్సిందే అన్నారు. వాళ్ళ ఫలితం గూడా మన పళ్ళెం లాగే వొచ్చింది. కానీ ఆ సంగతి డాక్టరుకి మనం చెప్పొద్దు."

నేను రాయి మీద కూర్చుని రొట్టె అంతా తినేశాను. ఇంకొకటి కొనుక్కున్నాను.

వార్డులో వీడ్కోలు

బస్సెక్కే ముందు ఆసుపత్రికి వెళ్ళాను. గుమ్మం బయటే వీధి వీధంతా కూర్చుని ఉంది, టిఫిను క్యారియర్లతో. లోపలికి ఒక్కొక్కరినే రానిస్తోందట రుక్మిణమ్మ. వచ్చినవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కుని రావాలి, పోయేటప్పుడు మళ్ళీ కడుక్కోవాలి. మంచం మీద ఎవరూ కూర్చోకూడదు.

"నా కాడుండేది మీ కాడుండేవాటికి చదువు చెప్పేస్తాది. తొందరగా పొండి" అని వచ్చినవాళ్ళను గదమాయిస్తోంది. ఆసుపత్రి వాళ్ళు చెప్పినా వినని జనం ఆమె చెబితే వింటున్నారు. నేనూ రెండు సార్లు కడుక్కుని లోపలికి పోయాను.

పక్క మంచం మీద సెల్వి అనే ఆమె ఉంది. సోలై నగర్‌లో చేపలు అమ్ముతుంది. ముల్లు దిగి అరచెయ్యి వాచింది. నేను వెళ్ళేసరికి కొంగు బిగించుకుని మంచం దిగుతోంది. రెండు రోజులు కూర్చుంటే రోజూ కొనేవాళ్ళు వేరేవాళ్ళ దగ్గర కొనడం మొదలుపెడతారట. సెల్వి చూపు రుక్మిణమ్మ దిండు పక్కనున్న మాత్రల పట్టీ మీద పడింది. ఇంజక్షనుతో పాటు వాడమని ఇచ్చినవి అవి.

"రెండే రెండు ఇయ్యక్కా" అంది తమిళంలో. "నీకు మిగిలేవే గదా. చెయ్యి వాపు దిగితే చాలు, నేను పోతాను."

రుక్మిణమ్మ చెయ్యి తనంతట తానే పట్టీ మీదికి పోయింది. పట్టీని ఎత్తింది కూడా. వసంత నోరు తెరవబోతే నేను మోచేత్తో పొడిచాను. వీధి ఎరిగినంత కాలం 'కావాలి' అన్నవాళ్ళకు 'లేదు' అనని మనిషి. ఆ చెయ్యి గాల్లో అలాగే ఆగింది. తర్వాత పట్టీని ఒళ్ళోకి తెచ్చుకుని కొంగు కప్పింది.

"లేదు సెల్వీ."

"ఉండాయే! నేను చూసినా."

"ఉండాయి. ఇయ్యను. ఇచ్చినానంటే నీకిచ్చినట్టు గాదు. నీ చేతిలో ఉండేదానికి ఇచ్చినట్టు."

సెల్వికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి నేను ముందుకు కదిలాను కానీ ఆమె వినలేదు. "పెద్దింటోళ్ళు. రెండు మాత్రలకి ఇంత కథ" అని అందరికీ వినబడేలా అంది. గుమ్మం దగ్గర వీధి జనం ముఖాలు చూసుకున్నారు. రుక్మిణమ్మ చెంపల మీద నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు.

ఆ కన్నీళ్ళతోనే ఆమె వార్డు దద్దరిల్లేలా కేక వేసింది. సన్న డాక్టరును పేరు పెట్టి పిలిచింది. "ఈ సెల్వి చేతిని నువ్వు చూడకుండా పోయినావంటే, నేను ఒంటి కాలి మీద నీ వెనకాలే వొస్తా! చూసుకో!" డాక్టరు పరిగెత్తుకొచ్చింది. సెల్విని కూర్చోబెట్టి, కట్టు విప్పి, చూస్తూనే నర్సును పిలిచింది. ఈ చెయ్యితో ఇవాళ ఇంటికి పోయేది లేదని గట్టిగా చెప్పింది. సెల్వి కాసేపు వాదించి, మంచమెక్కి, గోడ వైపు తిరిగి పడుకుంది.

నేను పెట్టె చేతికి తీసుకుని, "ఆవిడకు కోపం వచ్చింది అత్తగారూ" అన్నాను.

"రానీ." కొంగుతో ముక్కు చీదుకుంది. "పోయినంక నన్ను తిట్టుకోనీ. కొట్టనీ గూడా. దానికి చెయ్యుంటే గదా అమ్మణ్ణీ, నా మీద ఎత్తేది."